మేల్కొనని కంప్యూటరు

కంప్యూటరు మందగతిని పనిచేయుచున్నదని యెవరైన మొరపెట్టుకొనినచో, దుకాణదారుడు సాధారణముగా చెప్పు మాట యొక్కటే: "ర్యాము పెంచుడు." ఆ సలహా పెక్కుసార్లు మంచిదే. క్రొత్త యంత్రమును కొనుటకు వేలకొలది రూపాయలు కావలసియుండగా, ఉన్న యంత్రమునకు మరియొక ర్యాము పలకను చేర్చుటకు అందులో కొంత భాగమే చాలును. చేర్చు పనియు పది నిమిషములలో ముగియునట్టిదే. అయినను ఆ పని ముగించి మీట నొక్కినప్పుడు, నిన్నటివరకు చక్కగా వెలిగిన తెర నల్లగా నుండిపోవుట కలదు. లోపల పంకా తిరుగుచుండును, దీపము వెలుగుచుండును, తెరపై ఒక్క అక్షరమైనను రాదు. అట్టి సమయమున ఆ లోపమువలన కలుగు నష్టముకంటె, దానిని చూచి కంగారుపడినవారు చేయు పనులవలన కలుగు నష్టమే తరచుగా పెద్దది.

ఒక ఉన్నత పాఠశాల కార్యాలయమును ఉదాహరణముగా తీసికొందము. అచ్చట పది పండ్రెండేండ్ల నాటి కంప్యూటరు ఒకటి కలదనుకొందము. అందు 4 జి.బి. ర్యాము ఉన్నది. పదవ తరగతి విద్యార్థుల పేర్లు, పుట్టిన తేదీలు, మార్కుల పట్టికలు అన్నియు అందే భద్రపరచబడియున్నవి. పరీక్షా రుసుములు కట్టవలసిన దినములు దగ్గరపడినవి. గుమాస్తా మరియొక 4 జి.బి. పలకను చౌకగా తెప్పించి, ఖాళీగానున్న రెండవ స్లాటులో అమర్చి మీట నొక్కెను. తెర వెలుగలేదు.

"అయ్యో! పిల్లల వివరములన్నియు పోయినవి కాబోలు" అని ఆయన గుండె గుభేలుమనెను. పిలువగా వచ్చిన మెకానిక్కు పెట్టెవంక ఒకసారి చూచి, "ఫార్మాటు చేయవలెనండి. అప్పటికిని రాకున్న మదర్‌బోర్డు మార్చవలసినదే" అనెను.

ఈ రెండు మాటలలో రెండవది ఖర్చును తెచ్చిపెట్టునది. మొదటిది అంతకంటె చెడ్డది. ఫార్మాటు చేయుట యనగా డిస్కులో భద్రపరచిన వ్రాతను చెరిపివేయుట. గుమాస్తా భయపడిన నష్టము ఇంకను కలుగలేదు. ఆ మెకానిక్కు సలహాను పాటించినచో తప్పక కలుగును. ఈ సంగతి బోధపడవలెనన్న, ర్యామునకును డిస్కునకును గల భేదము ముందు తెలియవలెను.

తరగతి గదిలో నల్లబల్ల యున్నది. విద్యార్థియొద్ద నోటుపుస్తక మున్నది. ఉపాధ్యాయుడు లెక్కను నల్లబల్లపై చేయును. గంట కొట్టిన పిదప అది తుడిచివేయబడును. నిలువయుంచవలసినది నోటుపుస్తకములోనికి ఎక్కును. కంప్యూటరునందు ర్యాము నల్లబల్ల వంటిది; డిస్కు నోటుపుస్తకము వంటిది. యంత్రము పనిచేయుచున్నంతసేపు తనకు కావలసిన దానిని డిస్కునుండి తెచ్చి ర్యాములో వ్రాసికొని, అచ్చటనే లెక్కలు చేయును. నల్లబల్ల చిన్నదైనచో మాటిమాటికి తుడిచి వ్రాయవలసియుండును గదా! అందుచేతనే ర్యాము చాలనప్పుడు యంత్రము నెమ్మదించును. గోడకు రెండవ నల్లబల్లను తగిలింపబోయి మేకు సరిగా దిగకపోయినచో, పిల్లల నోటుపుస్తకములలోని అక్షరములు చెరిగిపోవునా? పోవు. ర్యాము విషయమును అంతే.

ర్యాములోని వ్రాత యెంత అస్థిరమైనదో తెలిసికొన్న ఆశ్చర్యము కలుగును. నేడు వాడుకలోనున్న ర్యామునకు మూలమైన పద్ధతిని అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డు కనిపెట్టెను. దానికి 1968లో పేటెంటు లభించెను. ఒక్కొక్క బిట్టును నిలుపుటకు ఒక ట్రాన్సిస్టరును, విద్యుత్తును నింపుకొను అతి సూక్ష్మమైన కెపాసిటరు ఒకటియు చాలునని ఆయన చూపెను. కాని ఆ కెపాసిటరులోని విద్యుత్తు క్షణములో కారిపోవును. రాతిపలకపై తడివ్రేలితో వ్రాసిన అక్షరము ఆరిపోకుండునట్లు మరల మరల దిద్దవలసియున్నట్లు, ప్రతి కణమును సాధారణముగా 64 మిల్లీసెకన్లలోపల ఒకసారి చదివి తిరిగి నింపవలెను. 4 జి.బి. ర్యాములో ఇట్టి బిట్లు 34,359,738,368. అనగా మూడువేల నాలుగువందల కోట్లకు పైబడినవి. వీనినన్నిటిని సెకనునకు పదునైదుమార్లకు పైగా దిద్దుచుండవలెను. ఇంత సున్నితమైన యేర్పాటులో, బంగారుపూత పూసిన ఒక్క స్పర్శరేఖ స్లాటునకు సరిగా తగులకపోయినను పని యంతయు నిలిచిపోవుటలో వింత లేదు.

మీట నొక్కిన పిదప యంత్రములో నేమి జరుగును? మొదట ప్రాసెసరు మేల్కొని, మదర్‌బోర్డుపై నున్న ఒక చిన్న చిప్పులోని ఆదేశములను చదువును. వీనిని బయాస్ అందురు. ఆ ఆదేశములు యంత్రభాగములను ఒక్కొక్కదానిని పరీక్షించును. అందు అతి ముఖ్యమైనది ర్యాము పరీక్ష. ర్యాము సరిగా నున్నదని తేలిన పిదపనే తెరపై అక్షరములు కనబడుటకు తగిన యేర్పాటు జరుగును. ఆ తరువాతనే డిస్కు సంగతి వచ్చును. కావున ర్యాము పరీక్షలో తప్పిన యంత్రము తన బాధను తెరపై వ్రాసి చూపలేదు; డిస్కు వరకు పోనేలేదు. పోని చోటనున్న వ్రాతను చెరిపినందువలన ప్రయోజనమేమి? ఫార్మాటు సలహా యెంత అర్థరహితమో దీనివలన తెలియగలదు.

తెరపై వ్రాయలేని యంత్రము వేరొక విధముగా మాటలాడును. మదర్‌బోర్డునకు చిన్న స్పీకరు తగిలించియున్నచో బీప్, బీప్ మను ధ్వనులు చేయును. ఛందస్సునందు గురులఘువులను లెక్కించినట్లే వీనిని లెక్కింపవలెను. అవార్డు బయాస్ గల యంత్రములలో గురువులు, అనగా దీర్ఘమైన బీపులు, ఆగి ఆగి మరల మరల వినబడినచో ర్యాములో దోషమున్నదని అర్థము. అమి బయాస్ గల పాత యంత్రములలో మూడు లఘువులు వినబడినను ర్యామునే శంకింపవలెను. సంస్థను బట్టి ఈ సంకేతములు మారుచుండును గావున మదర్‌బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకమును పారవేయరాదు. ఇటీవలి మదర్‌బోర్డులు కొన్నిటికి బీపుకు బదులు చిన్న దీపములుండును; డి.ర్యామ్ అని వ్రాసియున్న దీపము ఆరక వెలుగుచుండినచో అదియు ఇదే మాట.

పూర్వము ఈ బాధ మరింత హెచ్చుగా నుండెడిది. 1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో ఎంత ర్యామున్నదో యంత్రమునకు మనుష్యుడే తెలుపవలెను. లోపల చిన్న చిన్న స్విచ్చుల వరుస లుండెడివి. ర్యామును పెంచినవారు ఆ స్విచ్చులను గూడ తగినట్లు మార్చవలెను. ర్యాములో దోషమున్నప్పుడు తెరపై 201 అను సంఖ్య కనబడెడిది. నేటి ర్యాము పలకపై ఒక చిన్న చిప్పుండి, తన పరిమాణము, వేగము మొదలగు వివరములను తానే బయాస్‌కు చెప్పుకొనుచున్నది. అందుచేత నేడు స్విచ్చులతో పనిలేదు. కాని పలక చెప్పినదానికి మదర్‌బోర్డు సమ్మతింపవలెనను నియమము మాత్రము తప్పలేదు.

ఇక గుమాస్తాగారి యంత్రమును బాగుచేయు విధము చూతము. నిన్నటివరకు నడచిన యంత్రము నేడు ఆగినచో, నిన్నటికిని నేటికిని మధ్య యేమి మారినదని అడుగవలెను. ఇచ్చట మారినది క్రొత్త పలక వచ్చుట యొక్కటే. కనుక దానిని తీసివేసి యంత్రమును మునుపటి స్థితికి తెచ్చుటయే మొదటి పని. క్రొత్త భాగము గదా, దానిలో దోషముండదని చాలమంది అనుకొందురు. అది పొరపాటు. పది సంవత్సరములు పరీక్షకు నిలిచినది పాత పలక. క్రొత్తదానికి ఇంకను ఒక్క పరీక్షయు జరుగలేదు.

తీయుటకును ఒక పద్ధతి కలదు. స్విచ్చి ఆపుట మాత్రము చాలదు. తీగను గోడలోని సాకెట్టునుండి ఊడదీయవలెను. ఏలయన, యంత్రము ఆగియున్నట్లు కనబడినను తీగ తగిలియున్నంతవరకు మదర్‌బోర్డులో 5 వోల్టుల విద్యుత్తు నిలిచియుండును. ఊడదీసిన పిదప మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టినచో లోపల మిగిలిన విద్యుత్తు ఖర్చగును. తరువాత పెట్టెయొక్క లోహభాగమును చేతితో తాకవలెను. పొడిగాలి వీచు దినములలో, నైలాను వస్త్రములు ధరించినప్పుడు మన శరీరమున స్థిరవిద్యుత్తు చేరును. సుమారు 3000 వోల్టులకు తక్కువైన తాకిడి మన చేతికి తెలియనే తెలియదు; చిప్పును పాడుచేయుటకు అందులో స్వల్పభాగము చాలును. పలకను అంచులయందు పట్టుకొనవలెనే గాని బంగారురేఖలను వ్రేళ్ళతో తాకరాదు.

పాత పలక యొక్కటే మునుపటి స్థానములో నుండగా మీట నొక్కినప్పుడు తెర వెలిగినచో సగము బాధ తీరినట్లే. మదర్‌బోర్డు బాగుగానున్నది, డిస్కులోని వివరములు భద్రముగానున్నవి. మెకానిక్కుగారి రెండు మాటలును దీనితో వీగిపోయినవి. ఆ క్షణముననే మార్కుల పట్టికలను వేరొక డిస్కునకో పెన్‌డ్రైవునకో నకలు తీసికొనుట ఉత్తమము. నిజమునకు ఈ పని పెట్టెను విప్పకముందే జరుగవలసినది.

అప్పటికిని వెలుగకున్నచో? అప్పుడు చేయి లోపలికి పోయిన దారిలో మరేదైన కదలినదేమో వెదకవలెను. ర్యాము స్లాట్లు ఇరుకైన చోట నుండును. మోచేయి తగిలి విద్యుత్తు తీగ సడలుట సర్వసాధారణము. మదర్‌బోర్డునకు 24 సూదుల పెద్ద ప్లగ్గొకటియు, ప్రాసెసరుచెంత 4 లేక 8 సూదుల చిన్న ప్లగ్గొకటియు వేరువేరుగా నుండును. చిన్నది ఊడినను పంకా తిరుగును. తెర మాత్రము రాదు. మానిటరు తీగను మరల తగిలించునప్పుడు వేరొక రంధ్రములో పెట్టుటయు కలదు. పంకాయే తిరుగకున్నచో శంకింపవలసినది ర్యామును గాక విద్యుత్తు సరఫరాను.

పలకను స్లాటులో సరిగా కూర్చుండబెట్టకపోవుట అన్నిటికంటె ఎక్కువగా జరుగు పొరపాటు. పలక అడుగున మధ్యకు కొంచెము ప్రక్కగా ఒక గంటు ఉండును. స్లాటులోని మెట్టు ఆ గంటులో ఇముడవలెను. తిరుగవేసి బలముగా నొక్కినచో రెండును చెడును. సరిగా పెట్టిన పిదప రెండు చివరలయందును బొటనవ్రేళ్ళతో సమముగా నొక్కినచో, ప్రక్కలనున్న కొక్కెములు టక్కుమని మూసికొనును. ఆ చప్పుడు వినబడువరకు నొక్కవలెను. అనుభవము లేనివారు, విరుగునేమో యను భయముచే, సగమే నొక్కి వదలుదురు. ఏండ్లతరబడి ఖాళీగానున్న స్లాటులో దుమ్ము చేరియుండును. మెత్తని కుంచెతో దానిని దులుపవలెను. నోటితో ఊదినచో తుంపరలు పడి తడి చేరును. బంగారురేఖలు మసకబారియున్నచో పెన్సిలు వ్రాతను తుడుచు రబ్బరుతో రుద్దు అలవాటు మన దుకాణములలో కలదు. తేలికగా ఒకటి రెండుసార్లు తుడుచుట మంచిదే. ఆ పూత మిక్కిలి పలుచనిది గనుక గట్టిగా రుద్దరాదు.

ఇప్పుడు క్రొత్త పలకను పరీక్షింపవచ్చును. ఇచ్చట పాటింపవలసిన నియమ మేమనగా, ఒకసారికి ఒక్కదానినే మార్చవలెను. గుమాస్తాగారి యంత్రములో రెండు స్లాట్లు, రెండు పలకలు కలవు. పాత పలకను మొదటి స్లాటులో పెట్టగా యంత్రము లేచెను. దానినే రెండవ స్లాటులో పెట్టగా అప్పుడును లేచెను. కనుక స్లాట్లు రెండును మంచివి. క్రొత్త పలకను మాత్రమే మొదటి స్లాటులో పెట్టగా తెర నల్లగానుండెను, రెండవదానిలోను అంతే. నాలుగు పరీక్షలతో దోషము క్రొత్త పలకవైపునకు తిరిగినది. మెకానిక్కు చెప్పినట్లు ముందే మదర్‌బోర్డును మార్చియున్నచో, డబ్బు పోయి, తెర అప్పటికిని నల్లగనే యుండెడిది.

అయితే క్రొత్త పలక చెడినదేనా? ఇంకొక సందేహము మిగిలియున్నది. బయాస్ పాత లెక్కలనే పట్టుకొని కూర్చుండవచ్చును. మదర్‌బోర్డుపై నాణెమువలె నుండు 3 వోల్టుల బ్యాటరీని, గోడతీగ ఊడదీసిన పిదప, కొన్ని నిమిషములు తీసియుంచి మరల పెట్టినచో బయాస్ తన అమరికలను మరచి మొదటికి వచ్చును. తేదీని, గడియారమును మాత్రము మరల సరిచేయవలెను. క్రొత్త యంత్రములలో ఈ పని చేయుటకు ముందు ఒక జాగ్రత్త కావలెను. వానిలో కొన్నిటి డిస్కులకు బిట్‌లాకర్ అను రహస్యపు తాళము వేయబడియుండును. బయాస్ అమరికలు మారినప్పుడు అది 48 అంకెల తాళపు సంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్య యెచ్చట వ్రాసియున్నదో తెలియనివారు ముందుగా దానిని వెదకి పెట్టుకొనవలెను. లేకున్నచో మన పుస్తకమే మనకు తెరువరాని దగును.

బ్యాటరీని తీసి పెట్టినను గుమాస్తాగారి యంత్రము క్రొత్త పలకను ఒప్పుకొనలేదు. ఇక రెండును ఒక జాతివేనా యని చూడవలెను. ర్యాము పలకలలో తరములు కలవు. డి.డి.ఆర్.3 పలక 1.5 వోల్టులతోను, డి.డి.ఆర్.4 పలక 1.2 వోల్టులతోను, 2020లో ప్రమాణము వెలువడిన డి.డి.ఆర్.5 పలక 1.1 వోల్టులతోను పనిచేయును. ఒక తరము పలక వేరొక తరము స్లాటులో దిగకుండ గంటు స్థానములు మార్చబడియున్నవి. ఇచ్చట రెండు పలకలును డి.డి.ఆర్.3, గంటు సరిపోయినది, రెండును 4 జి.బి.; రెండింటిపైనను పదునారేసి నల్లని చిప్పులున్నవి. చూపునకు భేదమేమియు లేదు.

భేదము చిప్పుల లోపలి కూర్పులో నున్నది. ప్రాసెసరు ర్యామునుండి ఒక్కసారికి 64 బిట్లను అందుకొనును. ఒక్కొక్క చిప్పు 8 బిట్ల చొప్పున ఇచ్చినచో ఎనిమిది చిప్పులు చాలును. పదునారు చిప్పులున్న పలకలో ఎనిమిదేసి చిప్పుల జట్లు రెండుండి వంతులవారీగా పనిచేయును. ఒక్కొక్క చిప్పు 4 బిట్లే ఇచ్చినచో పదునారు చిప్పులును ఒక్కటిగా పనిచేయవలెను. ఎనిమిది ఎనిముదులును అరువదినాలుగే, నాలుగు పదునారులును అరువదినాలుగే. అయినను ఇంటెల్ ప్రాసెసరుతో నడచు సామాన్యపు డెస్క్‌టాపు యంత్రములు 4 బిట్ల చిప్పులను అంగీకరింపవు. ఏ.ఎం.డి. ప్రాసెసరు గల కొన్ని యంత్రములు అంగీకరించును. ఇట్టి పలకలు డి.డి.ఆర్.3లో చౌకగా అమ్మబడుచున్నవి. అమ్మకపు వివరములలో "ఏ.ఎం.డి.కి మాత్రమే" అని చిన్న అక్షరములతో వ్రాసియుండును. గుమాస్తాగారు ధరను చూచిరే గాని ఆ చిన్న అక్షరములను చూడలేదు. ఆయన యంత్రము ఇంటెల్‌ది. పలక చెడినది కాదు. యంత్రము చెడినది కాదు. ఆ రెంటికిని పొత్తు కుదరలేదు, అంతే.

క్రొత్త తరము యంత్రముల విషయములో నొక హెచ్చరిక అవసరము. డి.డి.ఆర్.5 పలకను చేర్చిన పిదప మొదటిసారి మీట నొక్కినప్పుడు, బయాస్ ఆ పలకతో ఎంత వేగముగా మాటలాడవచ్చునో పదేపదే పరీక్షించుకొనును. అంతసేపును తెర నల్లగనే యుండును. కొన్ని యంత్రములలో దీనికి పలు నిమిషములు పట్టును. తొందరపడి మధ్యలో విద్యుత్తు ఆపినచో పరీక్ష మరల మొదటికి వచ్చును. కనుక అట్టి యంత్రమును పావుగంటసేపు దాని మానాన వదలి, అప్పటికిని లేవనిచో మాత్రమే పెట్టెను విప్పవలెను. ఇక ల్యాపుటాపులలో కొన్నిటికి ర్యాము మదర్‌బోర్డునకే అతికింపబడియుండును. వానికి చేర్చు మార్గమే లేదు. కొనుటకు ముందే ఈ సంగతి విచారించుకొనవలెను.

గుమాస్తా ఆ పలకను రసీదుతోసహా త్రిప్పి పంపి, తన మదర్‌బోర్డు పుస్తకములో చెప్పిన రకపు పలకను తెప్పించెను. అమర్చి మీట నొక్కగా తెర వెలిగెను, 8192 ఎం.బి. అని లెక్కయు సరిగా చూపెను. విండోసు 32 బిట్లదైయున్నచో 8 జి.బి. పెట్టినను 4 జి.బి.కి లోపుగానే వాడుకొనును. అదృష్టవశమున ఇచ్చటిది 64 బిట్లది.

తెర వెలుగుటతో పని ముగిసినదని అనుకొనరాదు. పలకలోని వేలకోట్ల కణములలో ఒక్కటి దోషముగలదైనను యంత్రము లేచును, నడచును. కాని ఒకనాడు ఎనుబదియారు మార్కులు వేరొక సంఖ్యగా మారి డిస్కులోనికి ఎక్కవచ్చును. ఇట్టి దోషము నల్లని తెరకంటె హానికరము, ఎవరికిని కనబడదు గనుక. దీనిని పట్టుటకు మెమ్‌టెస్ట్86 అను ప్రోగ్రాము కలదు; దీనిని 1994లో క్రిస్ బ్రేడీ వ్రాసెను. దాని శాఖయైన మెమ్‌టెస్ట్86ప్లస్ ఉచితముగా లభించును. పెన్‌డ్రైవునుండి నేరుగా నడచి, ప్రతి కణములోను రకరకముల సంఖ్యలను వ్రాసి చదివి సరిచూచును. ఒక్క తప్పు కనబడినను ఆ పలక పనికిరాదు. గుమాస్తా సాయంకాలము కార్యాలయమునకు తాళము వేయుటకు ముందు ఆ పరీక్షను ప్రారంభించెను. మరునాటి ఉదయము తలుపు తెరచునప్పటికి తెరపై తప్పుల లెక్క సున్నగా నుండెను. అప్పుడు పెట్టెకు మూతవేసి స్క్రూలు బిగించి, పరీక్షా రుసుముల పట్టికను తెరచెను.